విదేశీ వేలంలో పాత స్పోర్ట్స్ కారు కొని గోదావరి గట్టుకు తెచ్చుకోవడం ఎలా

కొన్నాళ్ల కిందటి వరకు ఈ విషయం రాసినా ఎవరికీ ఉపయోగం ఉండేది కాదు. 1950 జనవరి 1కి ముందు తయారైన కారునే పాతకాలపు వాహనంగా లెక్కేసి, లైసెన్సు అడగకుండా దేశంలోకి రానిచ్చేవారు. ఆ లెక్కన జమీందార్ల మోటార్లు వస్తాయి గానీ, మనం కుర్రతనంలో పాత పత్రికల్లో బొమ్మలు చూసి మురిసిపోయిన స్పోర్ట్స్ కార్లు రావు. జాగ్వార్ ఈ-టైప్ వచ్చిందే 1961లో. ఎంజీబీ 1962లో వచ్చింది, పోర్షా 911 అమ్మకం 1964లో మొదలైంది. 2025లో విదేశీ వాణిజ్య డైరెక్టరేట్, అంటే డీజీఎఫ్‌టీ, ఆ గీతను జరిపింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు నిండిన కారును ఇప్పుడు లైసెన్సు లేకుండా తెచ్చుకోవచ్చు. ఏడాది గడిచేకొద్దీ మరో ఏడాది కార్లు ఆ గీత దాటి మన వైపుకు వస్తుంటాయి.

అప్పటి నుంచి భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు నుంచి నాకు ఫోన్లు వస్తున్నాయి. ఎవరు చేసినా మొదటి ప్రశ్న "ఎంతకి వస్తుందండీ?" అనే. నన్నడిగితే అది మూడో ప్రశ్న. దాని పుట్టుక కాగితం ఉందా అన్నది మొదటిది, తుప్పు ఎక్కడుంది అన్నది రెండోది. నేను 1969 నాటి ఎంజీబీ ఒకటి ఇంగ్లండ్ నుంచి తణుకు పక్కన మా ఊరికి తెచ్చుకున్నాను. అందులో చేసిన తప్పులు కూడా దాచకుండా చెబుతాను.

ముందు కాగితం మీద లెక్క

వేలంలో సుత్తి పడిన ధర మీ మొత్తం ఖర్చులో నాలుగో వంతు కూడా కాకపోవచ్చు. నమ్మకం కుదరకపోతే ఈ లెక్క చూడండి. 8,000 పౌండ్లకు పాట మీ పేరు మీద ఆగిందనుకుందాం. దాని మీద వేలం సంస్థ కమిషన్ ఉంటుంది. బ్రిటన్‌లో సాధారణంగా 10 నుంచి 15 శాతం తీసుకుంటారు, ఆ కమిషన్ మీద 20 శాతం వ్యాట్ కూడా వేస్తారు. కమిషన్ 12 శాతం అనుకుంటే కారు 9,152 పౌండ్లు అయింది. అక్కడి లారీ, కంటైనర్, ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కలిపి ఇంకో 2,500 అనుకుందాం. మొత్తం 11,652. మన కస్టమ్స్ వాళ్లు సుంకం లెక్క మొదలుపెట్టేది ఇక్కడి నుంచి, మీ 8,000 నుంచి కాదు. కస్టమ్స్ సుంకాలు, వాటి మీద ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద వేసే జీఎస్టీ, అన్నీ కలిపితే ఆ విలువకు రెండు రెట్లకు పైనే పడుతుంది. అంటే ముంబయిలో కారు మీ చేతికి వచ్చేసరికి 35,000 పౌండ్లు దాటిపోయింది. మన ఊరి దాకా లారీ, రిజిస్ట్రేషన్, రిపేర్లు ఇందులో కలపలేదు.

రేట్లు బడ్జెట్‌తో మారుతుంటాయి కాబట్టి, పాట పాడే ముందు కస్టమ్స్ క్లియరింగ్ ఏజెంట్ చేత ఆ రోజు రేటు ప్రకారం లెక్క రాయించుకోండి. నోటి మాట వద్దు. మన వైపు ఈ ఏజెంట్లను వెతుక్కోవాల్సిన పని లేదు. రొయ్యల ఎగుమతి చేసేవాళ్లలో మీకు తెలిసినవాళ్లు ఒక్కరైనా ఉంటారు, వాళ్లకు ఇలాంటి ఏజెంట్లు ఇద్దరు ముగ్గురు తెలిసి ఉంటారు. వాళ్ల ద్వారా ముంబయిలో పాత కార్లు విడిపించిన అనుభవం ఉన్నవాళ్లను పట్టుకోండి. రొయ్యల కంటైనర్ పంపడం వేరు, కారు దించుకోవడం వేరు.

ఈ లెక్కలోంచే నా సలహా ఒకటి పుడుతోంది, మిగతా వ్యాసమంతా మర్చిపోయినా దీన్ని గుర్తుంచుకోండి. కారు నిగనిగలాడుతున్నందుకు మీరు అక్కడ అదనంగా ఇచ్చే ప్రతి రూపాయి మీద ఇక్కడ రెండు రూపాయలకు పైగా సుంకం పడుతుంది. అదే ఇంజిన్ అలిసిపోయి, సీట్లు చిరిగి, రంగు వెలిసిన కారు తక్కువకు వస్తే, ఆ పనులు రాజమండ్రిలో మన కూలీ ధరలకు చేయించుకోవచ్చు, వాటి మీద దిగుమతి సుంకం ఉండదు. కానీ బాడీ మాత్రం గట్టిగా ఉండాలి. ఇంజిన్ పాడైన గట్టి కారు కొనండి. ఇంజిన్ బాగున్నా లోపల పుచ్చిన కారును దగ్గరికి కూడా రానివ్వకండి.

ఏ కారు? మన రోడ్ల మీద చుట్టాలున్న కారు

ఫెరారీ కావాలనుకునేవాళ్లకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు, వాళ్లకు చెప్పేవాళ్లు వేరే ఉంటారు. మామూలు మనుషులు బాగు చేయించుకోగల కారు కావాలంటే, దాని బంధువులు మన దేశంలో తిరిగాయో లేదో చూడండి.

ఎంజీబీ ఇంజిన్ 1,798 సీసీ. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ల బి-సిరీస్ కుటుంబం అది. మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి తిరిగిన 1,489 సీసీ పెట్రోల్ ఇంజిన్ కూడా ఆ కుటుంబానిదే. నా కారు బానెట్ ఎత్తగానే, నలభై ఏళ్లు అంబాసిడర్లు విప్పిన రాజమండ్రి మేస్త్రీ ఒకాయన కాసేపు తేరిపార చూసి, "ఇది మన అంబాసిడర్ ఇంజినేనండి బాబూ, కాస్త వ్యాయామం చేసింది" అన్నాడు. ఆ మాటతో నా టెన్షన్ సగం తీరిపోయింది.

ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కథా అంతే. అది ట్రయంఫ్ హెరాల్డ్ ఛాసిస్ నుంచి పుట్టిన కారు. ఆ హెరాల్డే మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారై మన డాక్టర్ల ఇళ్ల ముందు, ప్లీడర్ల ఇళ్ల ముందు నిలబడింది. ఫియట్ 124 స్పైడర్ కావాలనుకుంటే, అదే 124 సెడాన్ మన ప్రీమియర్ 118ఎన్ఈకి మూలం. అయితే 118ఎన్ఈలో పెట్టింది నిస్సాన్ ఇంజిన్, కాబట్టి ఇంజిన్ పార్టుల విషయంలో ఆ చుట్టరికం అక్కరకు రాదు. డాట్సన్ 240జెడ్ అందమైన కారే, 2.4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, నాకూ ఇష్టమే. కానీ దానికి మన దగ్గర చుట్టాలు లేరు, పైగా తుప్పు విషయంలో దానికి మంచి పేరు లేదు. ఉప్పుగాలి తగిలే చోటికి తెచ్చే కారు కదా, ఆలోచించుకోండి.

స్టీరింగ్ కుడివైపే ఉండాలని నా అభిప్రాయం. కాలిఫోర్నియా లాంటి పొడి ప్రాంతాల కార్లు తుప్పు లేకుండా దొరుకుతాయి, ఆశ పుడుతుంది. అయితే అవి ఎడమవైపు స్టీరింగ్‌వి. మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్ ప్రకారం అలాంటి బండి పబ్లిక్ రోడ్డు ఎక్కాలంటే, పనిచేసే మెకానికల్ లేదా ఎలక్ట్రికల్ సిగ్నల్ పరికరం ఉండాలి. అది ఉంటుంది సరే. కాలువ గట్టు రోడ్డు మీద ముందు గడ్డి ట్రాక్టరు పోతుంటే, ఎడమ చివర కూర్చుని ఎదురుగా వచ్చే బస్సు కనబడక ఎలా దాటుతారు? బ్రిటన్, జపాన్, ఆస్ట్రేలియా కార్లు చూడండి.

జపాన్‌లో పెద్ద వేలాలన్నీ డీలర్లకే. మీరు నేరుగా పాడలేరు, ఏజెంట్ ఉండాలి. ప్రతి కారుకూ వేలం షీటు ఇస్తారు. దాని మీద గ్రేడు 'ఆర్' అని ఉంటే ప్రమాదంలో దెబ్బతిని బాగుచేసిన కారు అని అర్థం.

పుట్టుక కాగితం

50 ఏళ్లను లెక్కపెట్టేది మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి. తయారైన సంవత్సరం నుంచి కాదు, అమ్మేవాడు చెప్పే మోడల్ నుంచీ కాదు. 1974లో ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చి, షోరూమ్‌లో కూర్చుని 1976లో రిజిస్టర్ అయిన కార్లు ఉన్నాయి. ఫ్యాక్టరీ లెక్కన 50 ఏళ్లు నిండాయి కదా అని అలాంటివి తొందరపడి కొని ముంబయిలో దించితే, ఆ రెండేళ్ల తేడా అక్కడ మీ మెడకు చుట్టుకుంటుంది.

ఈ విషయంలో బ్రిటన్ కారు సుఖం. అక్కడి రిజిస్ట్రేషన్ పత్రం వి5సి మీద మొదటి రిజిస్ట్రేషన్ తేదీ విడిగా ఉంటుంది. జపాన్ పత్రాల్లో కూడా మొదటి రిజిస్ట్రేషన్ సంవత్సరం, నెల ఉంటాయి. అమెరికా టైటిల్, అంటే యాజమాన్య పత్రాల్లో మాత్రం మామూలుగా మోడల్ సంవత్సరమే కనిపిస్తుంది. ఎడమ స్టీరింగ్‌తో పాటు ఇది రెండో కారణం, నేను అటు వెళ్లకపోవడానికి.

దీనితో పాటు హెరిటేజ్ సర్టిఫికెట్ తెప్పించుకోండి. ఎంజీ కార్లకు బ్రిటిష్ మోటార్ ఇండస్ట్రీ హెరిటేజ్ ట్రస్ట్, జాగ్వార్లకు జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్ట్ ఫ్యాక్టరీ రికార్డులు చూసి ఇస్తాయి. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, మొదటి రంగు, తయారైన తేదీ అందులో ఉంటాయి. కొద్ది ఖర్చు, కొన్నాళ్ల ఎదురుచూపు. ఇది ఎందుకంటే, మన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో పాతకాలపు కారు అంటే అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. కొత్త ఇంజిన్ దూర్చి, లోపలంతా మార్చేసిన కార్లు వేలాల్లో ఎక్కువ ధర పలుకుతుంటాయి. మనకు వాటితో పని లేదు.

చెరువులో వల వేశాకే రేటు

రొయ్యలు కొనేవాడు ఏం చేస్తాడు? చెరువులో వల వేయించి, కిలోకి ఎన్ని తూగుతున్నాయో తన కళ్ల ముందు లెక్కపెట్టించాకే రేటు మాట్లాడతాడు. నలభై కౌంటు ఉందని రైతు ఫోన్‌లో చెబితే అడ్వాన్స్ పంపడు. వేలం పేజీలో ఫోటోలు ఫోన్‌లో చెప్పిన కౌంటు లాంటివి. వంద ఫోటోలు ఉన్నా అంతే.

మొదట డబ్బు ఖర్చు కాని పని చేయండి. బ్రిటన్‌లో ఏటా జరిగే వాహన పరీక్షను ఎంఓటీ అంటారు. 2005 నుంచి ఆ ఫలితాలు ప్రభుత్వ సైట్‌లో ఉంటాయి. కారు నంబరు కొడితే చాలు, ఉచితంగా చూడొచ్చు. ప్రతి ఏడూ ఎన్ని మైళ్లు తిరిగిందో, ఎందుకు ఫెయిలయిందో ఉంటుంది. 40 ఏళ్లు దాటిన కార్లకు 2018 మే నుంచి ఆ పరీక్ష తప్పనిసరి కాదు కాబట్టి, ఈ మధ్య రికార్డు లేకపోతే కంగారు పడొద్దు. 2012లో, 2014లో ఏం రాశారో చదవండి. 'తుప్పు' అన్న మాట ఏ భాగం పక్కన కనబడిందో గుర్తుపెట్టుకుని, ఆ భాగం ఫోటో ప్రత్యేకంగా అడగండి. పంపకపోతే మీకు జవాబు దొరికినట్టే.

తర్వాత అక్కడే ఉండే స్వతంత్ర ఇన్‌స్పెక్టర్‌కు కొన్ని వందల పౌండ్లు ఇచ్చి పంపండి. లెస్టర్‌లో ఉన్న మేనల్లుడిని పంపిస్తే సరిపోతుందనుకోకండి. నేను మొదటిసారి అదే చేశాను. వాడు వెళ్లి, కారు పక్కన నిలబడి ఫోటో దిగి, "సూపర్‌గా ఉంది మావయ్యా" అని పంపాడు. అదృష్టం బాగుండి ఆ పాట నాకు దక్కలేదు. ఆ తర్వాత అది మళ్లీ అమ్మకానికి వచ్చినప్పుడు కింది నుంచి తీసిన ఫోటోలు పెట్టారు. నేల రేకు జల్లెడలా ఉంది.

ఇన్‌స్పెక్టర్‌ను ఊరికే "చూడండి" అంటే సరిపోదు, ఏం చూడాలో రాసివ్వండి. ఎంజీబీ, స్పిట్‌ఫైర్ లాంటి టాపు లేని కార్లకు బలమంతా తలుపుల కింద పొడవునా ఉండే సిల్స్‌లో ఉంటుంది. పాత తుప్పు మీదే కొత్త రేకు అతికించి రంగు వేసేవాళ్లు ఎక్కువ. దాన్ని పట్టుకోవడం తేలిక. వెనక వైపు జాకీ వేసి లేపినప్పుడు తలుపు ఇదివరకటిలాగే తెరుచుకుని మూసుకుంటోందా చూడమనండి. సందు బిగుసుకుపోయి తలుపు పట్టేస్తే, సిల్స్ పని అయిపోయింది. రంగు కింద పుట్టీ ఉందేమో అయస్కాంతం పెట్టి చూడమనండి. స్పిట్‌ఫైర్‌కు ఛాసిస్ కూడా కిందనుంచి చూడాలి. 240జెడ్‌కు బ్యాటరీ పెట్టే తట్ట, దాని కింద భాగం. ఈ-టైప్ అయితే నేల, ముందు ఇంజిన్‌ను మోసే గొట్టాల ఫ్రేము.

ఇంజిన్ పొగ గురించి, గేర్ల చప్పుడు గురించి నేను అంతగా పట్టించుకోను. కారణం పైన లెక్కలో చెప్పాను.

పాట

మన వేలాల్లో ఒకటోసారి, రెండోసారి అంటూ పాడేవాడి ముఖంలోకి చూస్తారు. ఆన్‌లైన్‌లో ముఖం ఉండదు, గడియారం ఉంటుంది. ఆఖరి నిమిషంలో ఎవరైనా పాడితే గడువు ఇంకో రెండు నిమిషాలు పెరుగుతుంది, చాలా సైట్లలో ఇదే పద్ధతి. కాబట్టి చివరి సెకనులో కొట్టేద్దామనే తెలివి పనిచేయదు. అమెరికాలో వేలం సాయంత్రం ముగిస్తే మనకు తెల్లవారుజాము. నిద్రమత్తులో, ఎవరో తెలియని మనిషి మీద పంతంతో పాడడం సంక్రాంతి బరిలో చొక్కా గుండీలు విప్పి పందెం పెంచడం లాంటిదే. మీ ఆఖరి మొత్తాన్ని ముందే కాగితం మీద రాసి ఇంట్లో వాళ్ల చేతికిచ్చి కూర్చోండి. మా ఇంట్లో ఆ కాగితం మా ఆవిడ దగ్గర ఉంది. ఆమె దాన్ని ఇప్పటికీ దాచింది, ఎందుకంటే నేను అందులో రాసినదానికి 400 పౌండ్లు ఎక్కువ పాడాను.

రిజర్వ్ అంటే అమ్మేవాడి రహస్య కనీస ధర. అది తాకకపోతే కారు అమ్ముడవదు. అప్పుడు వేలం అయ్యాక బేరానికి పిలుస్తారు. తొందరపడకండి, ఆ పూట బేరం మీ చేతిలో ఉంటుంది.

డబ్బు, పేరు

దిగుమతికి ఐఈసీ, అంటే దిగుమతి-ఎగుమతి కోడ్, తీసుకోండి. డీజీఎఫ్‌టీ సైట్‌లో 500 రూపాయల ఫీజుతో వస్తుంది, మీ పాన్ నంబరే ఐఈసీ నంబరు. డబ్బు మీ ఖాతా నుంచే, దిగుమతి చెల్లింపుగానే బ్యాంకు ద్వారా పంపండి. వీధి చివర బ్రాంచికి వెళ్తే వాళ్లు మిమ్మల్ని, మీరు వాళ్లను చూస్తూ కూర్చోవాలి. రొయ్యల ఎగుమతిదారుల ఖాతాలు చూసే బ్రాంచికి వెళ్లండి, వాళ్లకు ఈ ఫారాలు తెలుసు. డబ్బు పంపాక కారు వచ్చిందని రుజువుగా బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే కస్టమ్స్‌లో దాఖలు చేసే దిగుమతి పత్రం, చూపించేదాకా బ్యాంకు మిమ్మల్ని వదలదు. డల్లాస్‌లో బావమరిది కట్టేసి తర్వాత చూసుకుందాం అనే పద్ధతి ఇక్కడ చిక్కులు తెస్తుంది. ఇన్వాయిస్ మీద పేరు, డబ్బు కట్టిన పేరు, దించుకునే పేరు ఒకటే ఉండాలి.

మనవాళ్లకు పేరుతోనే పెద్ద తంటా. పాన్ కార్డులో ఇంటిపేరు మొత్తం ఉంటుంది, పాస్‌పోర్టులో అది చివరికి వెళ్తుంది, వేలం ఖాతాలో ఒక్క అక్షరమే రాస్తాం. నాకు అక్కడే దెబ్బ తగిలింది. ఇన్వాయిస్ మీద ఇంటిపేరు మొదటి అక్షరమే ఉంది. సరిచేసిన ఇన్వాయిస్ వచ్చేలోపు పోర్టులో ఉచిత రోజులు అయిపోయి డెమరేజ్, అంటే ఆలస్యానికి వేసే అద్దె, పడింది. నేను పెట్టుకున్న ఏజెంట్‌కు ఆ సంగతి ముందే తెలుసు, చెప్పలేదు. వేలం ఖాతా తెరిచే రోజే పాన్ కార్డు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం కొట్టండి.

డబ్బు పంపే ముందు ఇంకొకటి. "మా బ్యాంకు ఖాతా మారింది" అని మెయిల్ వస్తే, వేలం సంస్థ సైట్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకోండి. ఆ మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు మాత్రం చేయకండి.

ఓడ

కంటైనర్‌లో పంపించండి. కారును నడిపి ఎక్కించే ఓడలు కాస్త చవక, కానీ స్పేర్ పార్టులు అందులో పెట్టడం కుదరదు. 20 అడుగుల కంటైనర్‌లో ఎంజీబీ లాంటి కారు సుఖంగా పడుతుంది, దాని పొడవు నాలుగు మీటర్లు కూడా ఉండదు. ఇద్దరు కలిసి కొంటే 40 అడుగులది పంచుకోవచ్చు. లోపల చక్రాల కింద కొట్టే చెక్క దిమ్మలకు పురుగు చికిత్స చేసిన ముద్ర ఉండాలి, లేకపోతే ఇక్కడ ఆపుతారు. ట్యాంకులో పెట్రోలు కొద్దిగానే ఉంచి, బ్యాటరీ తీగ తప్పించమనండి. పూర్తి రిస్కు కవరయ్యే మెరైన్ ఇన్సూరెన్స్ తీసుకోండి. కంటైనర్ తలుపు మూసే ముందు నాలుగు వైపులా వీడియో తీయించుకోండి. బ్రిటన్ కారైతే శాశ్వతంగా దేశం దాటించామని అక్కడి వాహన రిజిస్ట్రేషన్ సంస్థ డీవీఎల్ఏకి తెలపాలి. ఆ పని చేసినా వి5సి నకలు మీ దగ్గర ఉండేలా చూసుకోండి.

కాకినాడ రేవు పక్కనే ఉంది, విశాఖ పూట ప్రయాణం, అక్కడ దించుకోకూడదా అని అందరూ అడుగుతారు. వాడిన కార్ల దిగుమతికి మన విధానంలో రాసింది ముంబయి పోర్టు. ముంబయికే బుక్ చేయండి. అక్కడి నుంచి మూసిన లారీలో హైదరాబాద్, విజయవాడ మీదుగా మన ఊరు చేర్చుకోండి.

ముంబయిలో

విలువ తగ్గించి చూపిద్దామనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. వేలం ధర ఇంటర్నెట్‌లో ప్రపంచానికంతా కనబడుతోంది, కస్టమ్స్ అధికారికి కూడా. ఉన్నది ఉన్నట్టు చూపించండి.

అంతకంటే పట్టించుకోవాల్సింది బిల్ ఆఫ్ ఎంట్రీలో నంబర్లు. 17 అక్షరాల ఛాసిస్ నంబరు 1981 మోడళ్ల నుంచి వచ్చింది. అంతకు ముందు కార్లకు పొట్టి నంబర్లే. నా ఎంజీబీది జీహెచ్ఎన్ అని మొదలై, మధ్యలో ఒక గీత ఉండి, అంకెలతో ముగుస్తుంది. కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు మిగతా అక్షరాలు ఏవని నన్ను అడిగాడు. ఛాసిస్ ప్లేటు ఫోటో, ఇంజిన్ నంబరు ఫోటో, హెరిటేజ్ సర్టిఫికెట్ ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. బిల్ ఆఫ్ ఎంట్రీ ఫైల్ చేసే ముందు మీరే చదివి సరిచూడండి. ఇక్కడ ఒక అంకె తప్పితే రవాణా శాఖ ఆఫీసులో నెలలు తిరగాలి.

వీఏ నంబరు

2021 జూలైలో కేంద్రం పాతకాలపు వాహనాలకు వేరే రిజిస్ట్రేషన్ పద్ధతి తెచ్చింది. రాష్ట్రం కోడ్ తర్వాత 'వీఏ' అనే అక్షరాలు, తర్వాత రెండక్షరాల సిరీస్, నాలుగంకెలు. మనకైతే ఏపీ వీఏ అని మొదలవుతుంది. ఫారం 20, ఇన్సూరెన్స్ పాలసీ, బిల్ ఆఫ్ ఎంట్రీ, 20,000 రూపాయల ఫీజు ఇవ్వాలి. అధికారులు కారును చూస్తారు. రిజిస్ట్రేషన్ పదేళ్లు చెల్లుతుంది. జిల్లా ఆఫీసులో ఇలాంటి దరఖాస్తు రోజూ రాదు కాబట్టి, ఆ నోటిఫికేషన్ ప్రింటు తీసుకెళ్లడం మంచిది. "ఇది చూడండి సార్" అని చూపిస్తే పని నడుస్తుంది. వాదిస్తే నడవదు.

ఈ నంబరుతో రోజూ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనలు, పాత కార్ల ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, పెట్రోలు పోయించుకోవడం, రిపేరు, అంతే. సంక్రాంతికి కొత్తల్లుడిని ఎక్కించుకుని ఊరేగడం ఆ జాబితాలో లేదు.

మన గాలిలో బతికించుకోవడం

నేను ఎక్కువ డబ్బు పోగొట్టుకున్నది వేలంలో కాదు, షెడ్డులో. చుట్టూ ఉప్పునీటి చెరువులు, ఏరేటర్లు చిమ్మే తుంపర, సముద్రం వైపు గాలి. అంతర్వేది, నరసాపురం దగ్గరైతే చెప్పనే అక్కర్లేదు. చెరువు గట్టు మీది షెడ్డులో కారు పెట్టకండి, పక్కన ఎంత ఖాళీ ఉన్నా సరే. కారు రాగానే, రంగు వేయించడానికి ముందే, సిల్స్ లోపలికి, బోలు భాగాల్లోకి మైనం కొట్టించండి. ప్లాస్టిక్ కవరు కప్పొద్దు, లోపల చెమ్మ పట్టేస్తుంది. గుడ్డ కవరు కప్పి, గాలి ఆడేలా ఉంచండి.

షెడ్డు నేల ఎత్తుగా కట్టించండి. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులకు ఇస్తారు. లంక ఊళ్లవాళ్లకు ఆ అంకె ఎవరూ చెప్పక్కర్లేదు. కోనసీమలో అయితే 1996 నవంబరు తుపానులో నీరు ఎక్కడిదాకా వచ్చిందో పెద్దవాళ్లను అడిగి, దానికి పైన కట్టండి.

ఇక పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసినది. అప్పటి రబ్బరు గొట్టాలు, కార్బురేటర్ సీళ్లు దానికి తట్టుకోవు, మెత్తబడి చిట్లుతాయి. వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కారు మొదటిసారి స్టార్ట్ చేసే ముందే గొట్టాలన్నీ ఇథనాల్‌కు తట్టుకునేవి వేయించండి. ఇథనాల్ గాలిలో చెమ్మను పీల్చుకుంటుంది, మన గాలిలో చెమ్మకు కొదవ లేదు. నెలల తరబడి కదలని కారు ట్యాంకులో పెట్రోలు ఉంచకండి. ఇంకో సంగతి, ఈ ఇంజిన్ల హెడ్లు లెడ్ కలిసిన పెట్రోలుకు చేసినవి. మన దేశంలో అది 2000లో ఆగిపోయింది. వాల్వ్ సీట్లు గట్టివి వేశారో లేదో మేస్త్రీ చేత చూపించండి. అంబాసిడర్లకు ఆ పని చేసిన లేత్ షాపులు ఇంకా ఉన్నాయి.

మేస్త్రీకి రెండు మాటలు ముందే చెప్పాలి. ఇవి అంగుళాల స్పానర్ల బళ్లు, మన మిల్లీమీటర్ స్పానర్లతో పట్టి తిప్పితే నట్లు గుండ్రమైపోతాయి. రెండోది, 1967కు ముందటి ఎంజీబీలకు బ్యాటరీ పాజిటివ్ తీగ బాడీకి ఉంటుంది, మన అలవాటుకు తిరగబడి. అలవాటు ప్రకారం బ్యాటరీ బిగిస్తే వైరింగ్ కాలుతుంది. ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసి బానెట్ లోపల అతికించండి.

ఎలుకలు మర్చిపోయాను. వరి కోతలయ్యాక పొలాల్లోంచి అవి ఇళ్లలోకి వస్తాయి, వాటికి పాత వైరింగ్ మీద ఉన్న గుడ్డ చుట్టు మహా ఇష్టం. నాది హారన్ తీగ, ఒక హెడ్‌లైట్ తీగ ఒకే వారంలో కొరికేశాయి. మందు పెడితే బానెట్ లోపలే చచ్చి వాసన కొట్టింది. ఇప్పుడు షెడ్డులో రెండు పిల్లులు ఉంటున్నాయి. స్టార్ట్ చేసే ముందు బానెట్ మీద రెండుసార్లు తట్టి వాటిని లేపాలి.